పలుగురాయిని ఏ అరలో పెట్టాలి? పుట్టిన పరిస్థితులను బట్టి ఖనిజాల వర్గీకరణ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు గుంటూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు బోధిస్తున్నారు. పిల్లలు తెచ్చినవీ, వాళ్ల తల్లిదండ్రులు గనుల నుంచి, క్వారీల నుంచి పంపినవీ కలిపి నలభై దాకా నమూనాలు పోగయ్యాయి. పాఠ్యపుస్తకంలో మాదిరిగా సల్ఫైడ్లు, ఆక్సైడ్లు, సిలికేట్లు అని రసాయనాన్ని బట్టి కాకుండా, అవి పుట్టిన పరిస్థితులను బట్టి అద్దాల బీరువాలో అమర్చాలనుకున్నారు. పలుగురాయి దగ్గరే ఆగిపోయారు. గ్రానైట్‌లో చూస్తే అదే, ఏటి ఇసుకలో చూస్తే అదే, బెజవాడ కొండరాతిలోనూ అదే. "అసలు ఇలాంటి వర్గీకరణ కుదురుతుందా? కుదిరితే ఎన్ని తరగతులు చేయాలి?" అని అడిగారు.

కుదురుతుంది. అయితే అరలోకి వెళ్లాల్సింది ఖనిజం పేరు కాదు, మీ చేతిలో ఉన్న నమూనా. రసాయన వర్గీకరణలో ఒక ఖనిజానికి ఒకే గడి. పలుగు ఎక్కడ దొరికినా అది సిలికాన్, ఆక్సిజన్ల కూర్పే కాబట్టి దాని గడి మారదు. పుట్టుకను బట్టి వర్గీకరించేటప్పుడు ఈ నియమం వదిలేయాలి. ఒక్కో నమూనాకు ఒక్కో గడి. పలుగు అయిదు అరల్లో అయిదు చీటీలతో కనిపిస్తే అది మీ అమరికలో లోపం కాదు. పిల్లలు తెలుసుకోవాల్సిన విషయమే అది.

నేను భూవిజ్ఞాన రంగంలో పనిచేసి, రిటైరై విజయవాడలో ఉంటున్నాను. డిగ్రీ విద్యార్థులకు అప్పుడప్పుడు నమూనాలు గుర్తుపట్టడం నేర్పిస్తుంటాను. అందుకే సిద్ధాంతం తగ్గించి, మీకు అందుబాటులో ఉన్న కొండలు, గనులు, సముద్రతీరం ఆధారంగా చెబుతాను.

ఎన్ని తరగతులు అన్నదానికి ఒకే సరైన అంకె లేదు. 2022లో రాబర్ట్ హేజెన్, షానా మారిసన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు అప్పటికి గుర్తింపు పొందిన 5,659 ఖనిజాలను పరిశీలించి, అవి పుట్టే మార్గాలను 57గా తేల్చారు. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఒక్కటే 21 రకాలుగా పుడుతుందని, వజ్రం కూడా తొమ్మిది రకాలుగా పుడుతుందని లెక్కగట్టారు. ఖనిజాన్నీ, అది పుట్టిన మార్గాన్నీ కలిపి ఒక్కో రకంగా లెక్కిస్తే మొత్తం 10,500కు పైగా తేలాయి. ఆ 57 మార్గాల్లో కొన్ని భూమి ఇంకా ఏర్పడని కాలానివి, ఉల్కల్లో మాత్రమే కనిపించేవి. మీ బీరువాకు అంత అవసరం లేదు. ఆరు అరలు, రెండు పళ్లేలు చాలు: శిలాద్రవం చల్లారి పుట్టినవి, పెగ్మటైట్లు (శిలాద్రవపు చివరి భాగంలో పెద్ద స్ఫటికాలతో పుట్టిన రాళ్లు), వేడి నీటి ద్రావణాల నుంచి పుట్టినవి, రూపాంతరం (వేడికి, ఒత్తిడికి పాత రాయి మారడం) వల్ల పుట్టినవి, సముద్రాలు చెరువుల నీటి నుంచి పేరుకున్నవి, రాయి శిథిలమై పుట్టినవి. ఒక పళ్లెం పుట్టింది ఒకచోటా చేరింది మరోచోటా అయిన వాటికి. రెండోది "తెలియదు" అనే పళ్లెం. ఆ రెండో పళ్లెం లేని ప్రదర్శనశాలను నేను అంతగా నమ్మను.

పళ్లేల దగ్గరే మొదలుపెడతాను. ఎక్కువ మంది తడబడేది అక్కడే.

మీ జాబితాలో "సూర్యలంక నల్ల ఇసుక" సీసా ఒకటి ఉంది. దాన్ని అవక్షేపాల అరలో, అంటే నీటి నుంచి పేరుకున్నవాటిలో పెట్టమని మీ సహోద్యోగి అన్నారట. ఆ ఇసుకను తెల్లకాగితం మీద పోసి భూతద్దంతో చూడండి. నల్లటి గింజల్లో చాలావరకు ఇల్మనైట్. లేత గులాబీ రంగువి గార్నెట్లు. రంగులేని సన్నని పుల్లల్లా ఉన్నవి సిల్లిమనైట్. జిర్కాన్, రూటైల్, మోనజైట్ కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. వీటిలో ఒక్కటీ సముద్రపు ఒడ్డున పుట్టలేదు. తూర్పు కనుమల్లోనూ, లోపలి పీఠభూమిలోనూ ఉన్న పాత రాళ్లలో, ఒకప్పటి భూగర్భపు లోతుల్లో పుట్టాయి. పైనున్న రాయి కోట్ల ఏళ్ల పాటు అరిగిపోయాక అవి బయటపడ్డాయి, నదులూ వాగులూ వాటిని కిందికి మోసుకొచ్చాయి. పలుగు సాంద్రత 2.65. గార్నెట్‌ది 4కు అటూ ఇటూ, ఇల్మనైట్‌ది 4.7 దాకా ఉంటుంది. అలలు చేటతో చెరిగినట్లు తేలిక రేణువులను పక్కకు తోసేసి, బరువైనవాటిని ఒడ్డున చారలుగా వదిలాయి. కడలి ఇక్కడ ఏరిపెట్టింది, అంతే.

కాబట్టి ప్రతి చీటీ మీద రెండు వరుసలు రాయండి: పుట్టుక, చేరిక. సూర్యలంక గార్నెట్‌కు "పుట్టుక: రూపాంతర శిలల్లో. చేరిక: సముద్రతీరపు ఇసుకలో". గ్రానైట్ ముక్కకైతే రెండో వరుస ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే.

ఈ రెండు వరుసలకు మన ప్రాంతంలో వజ్రాన్ని మించిన ఉదాహరణ లేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులను 17వ శతాబ్దంలో చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. కోహినూరు అక్కడిదేనని చాలాకాలంగా చెప్పుకొనే మాట. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయం కింద ఉంది. అక్కడ తవ్వినది గులకరాళ్ల పొర. ఏరు మోసుకొచ్చి పరచిన పొర అది. వజ్రం పుట్టింది మాత్రం దాదాపు 150 కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ లోతున. అంత ఒత్తిడి ఉన్నచోటే కార్బన్ వజ్రంగా స్థిరపడుతుంది. కింబర్లైట్, లాంప్రోయిట్ అనే అరుదైన శిలాద్రవాలు దాన్ని వేగంగా పైకి తెస్తాయి. నెమ్మదిగా వస్తే దారిలోనే అది గ్రాఫైట్‌గా మారిపోయే ప్రమాదం ఉంది. అంటే వజ్రానికి మూడు మజిలీలు: భూప్రావారంలో (భూమి పైపెంకు కింది మండలంలో) పుట్టుక, శిలాద్రవంలో ప్రయాణం, ఏటి గులకల్లో చేరిక. "వజ్రం అగ్నిశిలల ఖనిజం" అని రాసిన చార్టులు చాలా ఉన్నాయి. ఆ శిలాద్రవం దానికి బండి మాత్రమే. వజ్రాలు చాలావరకు దానికంటే ఎంతో ముందే పుట్టి ఉన్నాయి.

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం జనం బారులు తీరడం మీరు పత్రికల్లో చూసే ఉంటారు. అలా ఏరి నాకు చూపించినవాటిలో ఎక్కువ భాగం నునుపు దేలిన పలుగు గులకలే. వాటిని పారేయకండి. "పుట్టుక: తెలియదు. చేరిక: ఏటి గులకలు" అని రాసి పెట్టండి.

ఇక రూపాంతరం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. మీకు అతి దగ్గరలో ఉన్నవి ఈ రాళ్లే.

ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండల్లో కనిపించే, తుప్పు రంగు చారలున్న రాయిని ఖోండలైట్ అంటారు. 19వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన భూవిజ్ఞాని విలియం కింగ్ దీన్ని బెజవాడ నైస్ అన్నాడు (నైస్ అంటే చారలున్న రూపాంతర శిల). తర్వాత వాకర్ అనే మరో భూవిజ్ఞాని పెట్టిన ఖోండలైట్ అన్న పేరే నిలిచిపోయింది. మన ఊరి పేరు జారిపోయిందని నాకు ఇప్పటికీ కొంచెం ఉక్రోషం. కొండపై గుడుల దగ్గర, గుహల దగ్గర సుత్తి తీయవద్దు. కిందికి రాలిపడిన ముక్క ఒకటి చాలు. అందులో ఎర్రటి గార్నెట్ గింజలు, పలుగు, ఫెల్డ్‌స్పార్, సన్నని నారల్లా సిల్లిమనైట్, అక్కడక్కడ వేలికి నల్లగా అంటుకునే గ్రాఫైట్ రేకులు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి చూస్తే కథ బయటపడుతుంది. ఈ ఖనిజాల్లో అల్యూమినియం ఇంత ఎక్కువగా ఉండాలంటే మొదట అది బంకమట్టి అయి ఉండాలి. ఆ బురదలోని జీవపదార్థపు కార్బనే గ్రాఫైట్ అయింది. అది లోతుకు కూరుకుపోయి, 800 డిగ్రీల సెల్సియస్, ఆపైన వేడికి గురైంది. బంకమట్టిలోని నీరు బయటికి పోయి, అవే మూలకాలు కొత్త ఖనిజాలుగా కూర్చుకున్నాయి. ఇది చాలావరకు ఘనస్థితిలోనే జరిగింది. వేడి మరీ పెరిగినచోట కొంత కరిగింది కూడా.

సిల్లిమనైట్‌ను చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి. దీనికి ఇద్దరు తోబుట్టువులు ఉన్నారు, కయనైట్, ఆండలూసైట్. మూడింటి రసాయన కూర్పూ అక్షరాలా ఒక్కటే. పరమాణువుల అమరిక మాత్రం వేరు. ఒత్తిడి ఎక్కువైతే కయనైట్, ఒత్తిడి తక్కువైతే ఆండలూసైట్, వేడి ఎక్కువైతే సిల్లిమనైట్ స్థిరంగా ఉంటాయి. మూడూ కలిసి ఉండగలిగేది దాదాపు 500 డిగ్రీలు, 4 కిలోబార్ల దగ్గర మాత్రమే. అంటే పధ్నాలుగు, పదిహేను కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడి. రాతిలో వీటిలో ఏది ఉందో చూసి, ఆ రాయి ఏ వేడిని, ఎంత లోతును చవిచూసిందో అంచనా కట్టవచ్చు. రసాయన విశ్లేషణ ఒక్కదానితో ఈ మూడింటినీ విడదీయలేరు. పుట్టుకను బట్టి వర్గీకరించడం ఎందుకని ఎవరైనా అడిగితే నేను చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

ఈ అరలోనే ఒక మూల స్పర్శ రూపాంతరానికి కేటాయించండి. వేడి శిలాద్రవం చల్లటి రాతిలోకి చొచ్చుకుపోయినప్పుడు, ఆ రెండూ తాకిన చోట పుట్టే ఖనిజాలు ఇక్కడికి వస్తాయి. పులివెందుల ప్రాంతపు రాతినార (ఆస్బెస్టాస్) అలాంటిదే. మెగ్నీషియం ఉన్న డోలమైట్ పొరల మధ్యకు డోలరైట్ అనే నల్లటి అగ్నిశిల ద్రవంగా చొచ్చుకొచ్చింది. ఆ అంచున నీరు, సిలికా తోడై క్రిసోటైల్ అనే రాతినార పోగులు పుట్టాయి. మీ జాబితాలో అది ఉంది. దాని గురించి చివర్లో ఒక ముఖ్యమైన మాట చెబుతాను.

శిలాద్రవం అర సులభం. వేడి తగ్గేకొద్దీ ఖనిజాలు ఒక వరుసలో గడ్డకడతాయని బొవెన్ అనే శాస్త్రవేత్త చూపించాడు: ముందు ఆలివిన్, పైరాక్సీన్, కాల్షియం ఎక్కువున్న ఫెల్డ్‌స్పార్, చివర్లో పొటాషియం ఫెల్డ్‌స్పార్, తెల్ల అభ్రకం, పలుగు. కొండపల్లి అనగానే అందరికీ బొమ్మలు గుర్తుకొస్తే మా భూవిజ్ఞానులకు క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం గుర్తుకొస్తుంది. ఆ కొండల్లో ముందు గడ్డకట్టిన బరువైన స్ఫటికాలు పొరలు పొరలుగా పేరుకున్న అగ్నిశిలలు ఉన్నాయి, పైరాక్సినైట్, గాబ్రో, అనార్థొసైట్. క్రోమైట్ వాటితో కలిసి ఉంటుంది. చీమకుర్తి "బ్లాక్ గెలాక్సీ" పలక కూడా ఈ అరలోదే. వ్యాపారులు గ్రానైట్ అంటారు గాని అది గాబ్రో జాతి రాయి. అందులో బంగారంలా మెరిసేది బ్రాంజైట్ అనే పైరాక్సీన్. పిల్లలు బంగారమేనని పందెం కాస్తారు, కాయనివ్వండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అదే జాతి పైరాక్సీన్ మన కంకర క్వారీల్లోని ముదురు రంగు చార్నొకైట్‌లోనూ ఉంటుంది. చార్నొకైట్ రూపాంతర శిలల్లో లెక్క. పైగా వాటిలో కొన్ని మొదట అగ్నిశిలలుగా పుట్టి తర్వాత రూపాంతరం చెందినవి. విడి స్ఫటికాన్ని చేతిలో పెడితే నేను కూడా ఏ అరదో చెప్పను. చుట్టూ ఉన్న రాయితో సహా ఇస్తే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పెగ్మటైట్లను అగ్నిశిలల్లోనే కలిపేయవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. నేను వేరు చేయమంటాను. గ్రానైట్ ద్రవం దాదాపుగా గడ్డకట్టాక మిగిలిన చివరి ద్రవంలో నీరు, మామూలు ఖనిజాల్లో ఇమడని బెరీలియం, లిథియం వంటి మూలకాలు పోగుపడతాయి. ఆ ద్రవంలో స్ఫటికాలు అసాధారణంగా పెద్దవిగా పెరుగుతాయి. గూడూరు అభ్రకం అలా వచ్చిందే. బెరిల్, టూర్మలిన్ కూడా ఈ అరకే వస్తాయి. మన రాష్ట్రం నుంచి నమూనాలు సులభంగా దొరికే అర ఇది, ఖాళీగా ఉండదు.

వేడి నీటి ద్రావణాల అరకు మీ జిల్లా పొరుగునే అగ్నిగుండాల ఉంది. వినుకొండ దగ్గర బండలమొట్టులో సీసం, నల్లకొండలో రాగి ఖనిజాలున్న ప్రాంతం అది. అక్కడి డోలమైట్‌లో గలీనా (సీసపు ఖనిజం), చాల్కోపైరైట్ (రాగి ఖనిజం), పైరైట్ కనిపిస్తాయి. లోహాలను కరిగించుకున్న వేడి ఉప్పునీరు రాతి పగుళ్లలో, సందుల్లో తిరుగుతుంది. చల్లబడినప్పుడో, మరో రకం రాయి తగిలినప్పుడో ఆ లోహాలను వదిలేస్తుంది. ఈ తరగతిని గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లు చూడండి. ఖనిజాలు రాతిని కోసుకుపోయే చారలుగా ఉండటం, చార మధ్య ఖాళీల్లో కొసలు తేలిన స్ఫటికాలు ఉండటం. అయితే డోలమైట్‌లో పొరల వెంబడే పరుచుకున్న సల్ఫైడ్ల (ఇలాంటి గంధకపు ఖనిజాల) విషయంలో లోహం ఎప్పుడు చేరింది, అవక్షేపం పేరుకుంటుండగానా, తర్వాతా అన్న చర్చ ప్రపంచమంతటా ఉంది. చీటీ మీద "డోలమైట్‌లో, ద్రావణాల నుంచి" అని రాస్తే సరిపోతుంది.

పైరైట్‌ను మాత్రం ఈ అరకే కట్టేయవద్దు. మడ అడవుల బురదను కాలితో కదిలిస్తే వచ్చే కుళ్లు వాసన గుర్తుందా? గాలి ఆడని ఆ బురదలో బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తుంది. అది ఇనుముతో కలిసి, కంటికి కనిపించనంత చిన్న పైరైట్ గింజలవుతుంది. మామూలు చల్లటి బురదలోనే. బురద గట్టిపడి ఏర్పడిన నల్లటి షేల్ రాతిలో మీకు పైరైట్ కనిపిస్తే వేడి నీళ్ల కథ అల్లే ముందు ఈ బురదను తలచుకోండి.

నీటి నుంచి పేరుకున్నవాటికి రెండు నమూనాలు చాలు. ఒకటి పిడుగురాళ్ల సున్నపురాయి. పాత సముద్రపు అడుగున పేరుకున్న కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్) అది. రెండోది చినగంజాం ఉప్పు. ఉప్పుమళ్లలో ఖనిజాలు వరుసగా పుట్టడాన్ని పిల్లలు కళ్లారా చూడవచ్చు. సముద్రపు నీరు ఆవిరయ్యేకొద్దీ మొదట కాల్షియం కార్బొనేట్ కొద్దిగా, నీరు దాదాపు అయిదో వంతుకు తగ్గాక జిప్సం, పదో వంతు దగ్గర మామూలు ఉప్పు దిగుతాయి. చివర్లో మిగిలే చేదు నీటిలో మెగ్నీషియం లవణాలు ఉంటాయి. బడిలో ఒక పళ్లెంలో సముద్రపు నీరు పోసి ఎండలో పెట్టండి. గుంటూరు మే నెల ఎండ మీకు ఉచితంగా సాయపడుతుంది.

రాయి శిథిలమై పుట్టే ఖనిజాలను బడిలో సాధారణంగా చిన్నచూపు చూస్తారు. నాకు ఇష్టమైన అర ఇది. లోతున వేడిలో పుట్టిన ఖనిజాలు నేల మీది నీటిని, గాలిని తట్టుకోలేవు. ముందుగా గడ్డకట్టిన ఆలివిన్, పైరాక్సీన్‌లే ముందుగా పాడవుతాయి. చివర పుట్టిన పలుగు చివరిదాకా నిలుస్తుంది. ఏటి ఇసుకలో ఎక్కువ భాగం పలుగే ఉండటానికి కారణం ఇదే. మిగిలినవి ఏమవుతాయన్నది నీరు ఎలా పారుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. అరకు, అనంతగిరి కొండల మీద వాన ఎక్కువ, నీరు నిలవకుండా జారిపోతుంది. సిలికా అంతా కొట్టుకుపోయి, ఖోండలైట్ నెత్తిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ మిగిలింది. అదే బాక్సైట్. గుంటూరు నల్లరేగడి నేలల్లో పల్లమూ, ఎండా ఎక్కువ. కరిగినవి బయటికి పోలేదు కాబట్టి నీరు తాగి ఉబ్బే మాంట్‌మొరిల్లొనైట్ బంకమన్ను ఏర్పడింది. వేసవిలో మీ పొలాలు చెయ్యి పట్టేంత బీటలు తీయడానికి ఆ ఖనిజమే కారణం. అదే రేగడిని లోతుగా తవ్వితే తెల్లటి సున్నపు గడ్డలు వస్తాయి. అవి కూడా కాల్సైటే. ఒకటి పిడుగురాళ్లది, ఒకటి రేగడి గడ్డ, వీలైతే బొర్రా గుహల్లో నీటి చుక్కల నుంచి వేలాడే స్తంభాల ఫోటో. మూడింటినీ పక్కపక్కన పెట్టండి. గుహలో ముక్క విరిచి తేవద్దు, ఫోటో చాలు. రాగి ఖనిజం మీద పేరుకున్న ఆకుపచ్చ మాలకైట్ కూడా ఈ అరలోదే. సల్ఫైడ్ భాగం భూమిలో లోతున పుట్టింది, దాని పచ్చటి తొడుగు నేల దగ్గర గాలీ నీరూ తగిలి పుట్టింది. ఒకే ముక్కకు రెండు పుట్టుకలు.

తేలని కేసులుంటాయి. వాటిని తేలినట్లు రాయవద్దు. మీ దగ్గరున్న మంగంపేట ముగ్గురాయి అలాంటిది. ముగ్గురాయి, అంటే బెరైటీస్, సాధారణంగా వేడి ద్రావణాలు పగుళ్లలో వదిలే ఖనిజం. కడప ప్రాంతంలోనే వేంపల్లె వైపు డోలమైట్లను, ట్రాప్ రాళ్లను (నల్లటి అగ్నిశిలలను) కోసే చారల్లో అలా దొరుకుతుంది. మంగంపేటలో మాత్రం అది అగ్నిపర్వత బూడిద పొరలతో కలిసి, మందపాటి పరుపులుగా ఉంది. సముద్రపు అడుగున అగ్నిపర్వత కార్యకలాపంతో ఏర్పడిందని కొందరు, సముద్రగర్భపు ఊటల నుంచి పేరుకుందని కొందరు వాదించారు. చీటీ మీద రెండు వాదనలూ రాసి, నమూనాను రెండు అరల సరిహద్దులో పెట్టండి. పిల్లలు అడిగితే ఇంకా మంచిది.

ఇక మీ పలుగు సంగతి. చేతి కింద ఉన్న ఆనవాళ్లతో నేను ఇలా విడదీస్తాను. గ్రానైట్‌లో అది బూడిదరంగు గాజులా, ఆకారం లేకుండా ఫెల్డ్‌స్పార్ల మధ్య సందులు నింపుతూ ఉంటుంది. చివర గడ్డకట్టింది కాబట్టి మిగిలిన చోటులో సర్దుకుంది. వేడి ద్రావణాల చారలో పాలలా తెల్లగా, రాతిని అడ్డంగా కోస్తూ, ఒక్కోసారి కొసలు తేలిన స్ఫటికాలతో, సల్ఫైడ్ చుక్కలతో ఉంటుంది. ఖోండలైట్‌లో సాగదీసిన పలచటి చారలుగా, పక్కన గార్నెట్‌తో ఉంటుంది. ఇసుకరాయిలో గుండ్రటి గింజలు. కృష్ణ గులకల్లో దొరికే చారల అగేట్ కూడా సిలికాయే. దక్కన్ లావాల బుడగ ఖాళీల్లో, తక్కువ వేడిలో పొరలు పొరలుగా పేరుకుని, ఆ లావా అరిగాక ఏటిలోకి చేరింది. ఒంటరి తెల్ల గులక అయితే "తెలియదు" పళ్లెంలోకి పంపండి.

పిల్లలకు ఒక్క నియమం గట్టిగా నేర్పండి. అందమైన స్ఫటికాన్ని విడగొట్టి, అంటుకున్న రాయిని పారేయవద్దు. ఆ రాయే దాని సాక్ష్యం. ఏ ఊరు, ఏ క్వారీ, రాయి నేలలో ఉండగా తీసిందా లేక కింద పడి ఉండగా ఏరిందా అన్నవి అదేరోజు రాయించండి. బజారులో డబ్బాల్లో అమ్మే మెరుగుపెట్టిన నమూనాలు రంగులు చూపించడానికి పనికొస్తాయి, ఈ బీరువాకు పనికిరావు. "ఉల్క" అంటూ తెచ్చిన బరువైన నల్ల ముక్కల్లో నాకు కనిపించినవి చాలావరకు కొలిమి చిట్టెం. అది మనిషి తయారీ కాబట్టి ఖనిజాల్లో లెక్కకు రాదు. కావాలంటే బీరువా బయట పెట్టండి.

ఆమ్ల పరీక్ష చేసేటప్పుడు పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క చాలు, అదీ మీ చేత్తోనే. పిడుగురాళ్ల రాయి వెంటనే బుసబుసమంటుంది, డోలమైట్ పొడి చేస్తేగాని పొంగదు.

భద్రత విషయానికొస్తే, గలీనాలో సీసం ఉంది కాబట్టి ముట్టుకున్నాక చేతులు కడిగించండి. పైరైట్ మన కోస్తా తేమకు కొన్నేళ్లలో తెల్లటి బూజులా పొడి కట్టి, చీటీని కూడా తినేస్తుంది. బిగుతైన డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. ఉప్పు స్ఫటికానికీ అదే పద్ధతి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. సూర్యలంక ఇసుక చిన్న సీసాడు మించి పోగుచేయవద్దు, మూత తీయకుండా చూపించండి.

పులివెందుల రాతినారను మాత్రం వెంటనే బీరువాలోంచి తీయండి. దాని నారలు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఏళ్ల తర్వాత ప్రాణాంతక జబ్బులకు దారితీస్తాయి. చేత్తో పీచు తీసి చూపించడం పిల్లలకు సరదాగా ఉంటుంది, అందుకే మరీ ప్రమాదం. పొడి గుడ్డతో తుడవవద్దు, ఊదవద్దు. నీళ్లు చిలకరించి తడిపి, మందపాటి గాజు సీసాలో వేసి, మూత చుట్టూ మైనం పట్టించి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. అది ఇప్పటిదాకా ఉన్న అరను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా సంచిలో కట్టేసి పారేయండి. మిగతా అమరిక తర్వాత మొదలుపెట్టవచ్చు.